తీస్తా వరద, 2023: 1.77 టీఎంసీలు కొండ దిగితే ఏమైంది

2023 అక్టోబరు 3 రాత్రి ఉత్తర సిక్కింలో తీస్తా నదికి ఎగువనున్న దక్షిణ లోనాక్ సరస్సు తెగి బయటపడిన నీళ్లు సుమారు 5 కోట్ల ఘనపు మీటర్లు. మనకు అలవాటైన కొలతలో 1.77 టీఎంసీలు. 2021 నవంబరులో చెయ్యేరు వరదకు తెగిపోయిన అన్నమయ్య ప్రాజెక్టు నిల్వే 2.24 టీఎంసీలు. అంటే ఆ చిన్న ప్రాజెక్టును కూడా నింపలేని నీళ్లు ఇవి. అవే నీళ్లు 1,200 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రపు ఆనకట్టను ఊడ్చేశాయి. 31 పెద్ద వంతెనలను దెబ్బతీశాయి. సిక్కిం, పశ్చిమ బెంగాల్ దాటి బంగ్లాదేశ్ దాకా 385 కి.మీ. పొడవునా నష్టం చేసుకుంటూ పోయాయి. 55 మంది చనిపోయారు, 74 మంది ఆచూకీ దొరకలేదు.

గోదావరికి వరద వస్తే మనం మొదట అడిగేది “ఎన్ని లక్షల క్యూసెక్కులు?” అని. కొండ నదికి ఆ ఒక్క ప్రశ్న చాలదు. ఎంత వాలులో దిగుతోంది, దారిలో ఏం ఎత్తుకొస్తోంది అని కూడా అడగాలి. తీస్తా కేసు మొత్తం ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

నది దారి

తీస్తా పొడవు 414 కి.మీ. సిక్కింలో 151, సిక్కిం–బెంగాల్ సరిహద్దు వెంట, బెంగాల్ లోపల కలిపి 142, బంగ్లాదేశ్‌లో 121. టిబెట్ సరిహద్దు దగ్గర 5 వేల మీటర్లకు పైన ఉన్న హిమానీనదాలూ సరస్సులూ దీని తలాపు. గురుదోంగ్మార్ చూడటానికి మనవాళ్లు ఏటా పెద్ద సంఖ్యలో వెళ్లేది ఆ ప్రాంతానికే. అటునుంచి లాచెన్ చూ, తూర్పు నుంచి లాచుంగ్ చూ దిగివచ్చి చుంగ్‌థాంగ్ దగ్గర కలుస్తాయి. ‘చూ’ అంటే అక్కడి భాషల్లో నీళ్లు, ఏరు. ఈ కలయిక దిగువ నుంచే దాన్ని తీస్తా అంటారు. తర్వాత మంగన్, దిక్చు, సింగ్తామ్, రంగ్‌పో, మెల్లి మీదుగా వచ్చి, తీస్తా బజార్ ఎగువన రంగీత్‌ను కలుపుకుని, సెవోక్ దగ్గర కొండల్లోంచి బయటపడుతుంది.

దక్షిణ లోనాక్ సరస్సు ఉన్నది దాదాపు 5,200 మీటర్ల ఎత్తున. అక్కడి నుంచి చుంగ్‌థాంగ్‌కు నది దారిలో సుమారు 65 కి.మీ. చుంగ్‌థాంగ్ దగ్గర నది అడుగు దాదాపు 1,600 మీటర్లు. కి.మీ.కు 55 మీటర్ల చొప్పున దిగుతుందన్నమాట. అక్కడి నుంచి సెవోక్ దాకా వాలు కి.మీ.కు పది మీటర్ల దరిదాపుల్లోకి వస్తుంది. సెవోక్ దాటి మైదానంలో పడ్డాక కి.మీ.కు మీటరు కూడా ఉండదు.

ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే వరద ఎక్కడ ఏం చేస్తుందో చాలావరకు తెలిసిపోతుంది. మొదటి భాగంలో నది తవ్వుతుంది. రెండో భాగంలో ఇరుకు లోయ వచ్చినచోట తవ్వి, లోయ కాస్త విప్పారినచోట మేట వేస్తుంది. మూడో భాగంలో మేట వేయడమే దాని పని. వేసిన మేట మీద తనే పారలేక దారి మారుస్తుంది. 1787 దాకా తీస్తా కరతోయా, ఆత్రాయీ, పునర్భవా అనే మూడు పాయలుగా దక్షిణానికి పారేది. త్రిస్రోత అన్న పేరే తీస్తా అయిందంటారు. ఆ ఏడాది వచ్చిన పెద్ద వరదలో ఆ దారి వదిలేసి తూర్పుకు తిరిగి బ్రహ్మపుత్రలో కలిసింది. ఇప్పటికీ అదే దారి. కొండల్లోంచి వచ్చే మట్టి ఎంతటిదో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

కొండల్లో విశాలంగా, చదునుగా కనిపించే చోటల్లా ఒకప్పుడు నది మేట వేసిన చోటే. ఊళ్లు, బస్టాండ్లు, సైనిక శిబిరాలు వచ్చేదీ అక్కడే, ఎందుకంటే ఇల్లు కట్టుకోవడానికి కొండల్లో వేరే చదును నేల దొరకదు. సింగ్తామ్, రంగ్‌పో, తీస్తా బజార్ అన్నీ అలాంటి చోట్లే.

సరస్సు పెరిగిన తీరు

హిమానీనదం కరిగి వెనక్కి తగ్గుతుంటే, అది అంతకుముందు తోసుకొచ్చి పేర్చిన రాళ్లూ మట్టీ మంచూ కలిసిన దిబ్బ ముందు మిగిలిపోతుంది. దాన్ని మొరైన్ అంటారు. ఆ దిబ్బ వెనక నీళ్లు నిలిస్తే సరస్సు. ఎవరూ డిజైన్ చేయని కట్ట అది. బంకమట్టి గర్భం లేదు, కోతను ఆపే రాతి పరుపు (రివిట్‌మెంట్) లేదు, అలుగు లేదు. పైగా లోపల గడ్డకట్టిన మంచు సిమెంటులా పట్టి ఉంచుతుంది. ఆ మంచు కరిగితే కట్ట బలం కూడా దానితోపాటే పోతుంది.

దక్షిణ లోనాక్ 1970ల్లో 20 హెక్టార్లకు మించని చెరువు. 2023 సెప్టెంబరు 28 నాటికి 167.4 హెక్టార్లు. ఈ లెక్క హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాల నుంచి తీసింది. అదే నెల 17న 162.7 హెక్టార్లు ఉండేది. వరద మర్నాడు, అక్టోబరు 4న తీసిన చిత్రంలో 60.3 హెక్టార్లే మిగిలింది. ఇదే సంస్థ శాస్త్రవేత్తలు 2013లోనే ఈ సరస్సు తెగే అవకాశాన్ని 42 శాతంగా లెక్కగట్టి ప్రచురించారు. ప్రమాదం తెలియక జరిగిన ప్రమాదం కాదిది. ఆ నివేదిక హైదరాబాద్ బాలానగర్‌లోని ఆ కేంద్రం నుంచి పదేళ్ల ముందే వచ్చింది. ఆ పదేళ్లలో దాని ఆధారంగా దిగువన ఒక్క సైరన్ స్తంభం నిలబెట్టి ఉన్నా ఆ రాత్రి కొందరైనా బతికేవాళ్లు.

నీళ్లు తోడే ప్రయత్నం జరగకపోలేదు. 2016లో 8 అంగుళాల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపులు మూడు వేసి సైఫన్ పద్ధతిలో, అంటే మోటారు లేకుండా దిబ్బ మీదుగా నీరు దానంతటదే దిగువకు లాగేలా, సెకనుకు 150 లీటర్ల చొప్పున బయటికి తీశారు. ఇంత ఎత్తుకు పైపులు మోసుకెళ్లి అమర్చడం నిజంగా గొప్ప పని. కానీ లెక్క వేసి చూడాలి. సెకనుకు 150 లీటర్లంటే రోజుకు 12,960 ఘనపు మీటర్లు. 167 హెక్టార్ల సరస్సు మీద పరిస్తే రోజుకు 8 మిల్లీమీటర్లు. పైనుంచి చుక్క నీరు రాకుండా ఉంటేనే ఇది. 5 మీటర్లు దించాలంటే 600 రోజులకు పైగా పడుతుంది. ఎండాకాలం హిమానీనదం కరిగి వచ్చే నీరే ఇంతకన్నా ఎక్కువ, చలికాలం పైపులోనే గడ్డకడుతుంది.

సైఫన్‌కు ఇంకో హద్దు ఉంది. సముద్ర మట్టం దగ్గర గాలి పీడనం నీటిని పది మీటర్ల దాకా ఎత్తగలదు. 5,200 మీటర్ల ఎత్తున ఆ పీడనం దాదాపు సగమే. అందుకని అక్కడ సైఫన్ లెక్క ప్రకారమే 5 మీటర్ల చుట్టుపక్కలే ఆగిపోతుంది, వాస్తవంలో 4 మీటర్లకు మించి నమ్ముకోలేం. పైపు ఎంత లావు వేసినా ఈ హద్దు మారదు. అందుకే నేపాల్‌లో త్షో రోల్పా సరస్సుకు 2000లోనూ, ఇమ్జా సరస్సుకు 2016లోనూ మొరైన్‌ను కోసి, గేట్లున్న కాలువ తవ్వి మట్టం దించారు. త్షో రోల్పాలో 3 మీటర్లు, ఇమ్జాలో 3.4 మీటర్లు. ఖర్చూ ఎక్కువే, యంత్రాలు చేర్చడమూ కష్టమే, కానీ ఏడాది పొడవునా పనిచేసేది అదొక్కటే.

ఆ రాత్రి

సరస్సు ఉత్తరపు ఒడ్డున గడ్డకట్టి ఉన్న పక్క మొరైన్ 1.47 కోట్ల ఘనపు మీటర్లు ఒక్కసారి జారి నీళ్లలో పడింది. చెరువులో బండ పడితే అల లేచినట్టే, కాకపోతే ఇక్కడ లేచిన అల 20 మీటర్లు. అది ముందరి దిబ్బ మీదుగా దూకింది. దూకిన నీరు దిబ్బ వెనక ముఖాన్ని కోసుకుంటూ వెనక్కి వచ్చి గండి కొట్టింది. ఆ గండి దగ్గర గరిష్ఠ ప్రవాహం సెకనుకు 48,500 ఘనపు మీటర్లని తర్వాత చేసిన మోడలింగ్‌లో తేలింది. క్యూసెక్కుల్లో 17 లక్షలు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ అన్ని గేట్లూ ఎత్తి వదిలిన రికార్డు వరద 11.43 లక్షలు. కృష్ణాకు వచ్చిన ఆ రికార్డు వరదకన్నా ఎక్కువ ప్రవాహం, ఒక మోస్తరు చెరువులోంచి. కాకపోతే కృష్ణా వరద రోజుల తరబడి సాగింది, ఇది అంత తీవ్రతతో కొద్ది సేపే.

ముందే మట్టం దించి ఉంటే ఈ వరద ఆగేదా? 20 మీటర్ల అల 3 మీటర్లు దించిన కట్టను కూడా దాటుతుంది. ఆగేది కాదు. కానీ గండి పడ్డాక బయటికొచ్చే నీరు తగ్గేది, శిఖర ప్రవాహం తగ్గేది. చుంగ్‌థాంగ్‌లో ఆ తేడా చిన్నదేం కాదు.

పది గంటలు దాటాక తెగిన సరస్సు నీళ్లు అర్ధరాత్రి దాటేసరికి చుంగ్‌థాంగ్ చేరాయి. 65 కి.మీ. సుమారు రెండు గంటల్లో. సగటున సెకనుకు 9 మీటర్లు. మనిషి ఎంత బాగా పరుగెత్తినా దిగువకు పరుగెత్తి దీన్ని తప్పించుకోలేడు. పక్కకు, పైకి ఎక్కడమే మార్గం. హెచ్చరిక పలకల మీద బాణం గుర్తు రోడ్డు వెంట వేయడం చాలాచోట్ల కనిపిస్తుంది. అది తప్పు. బాణం కొండ వైపు ఉండాలి, ఎన్ని మీటర్లు ఎక్కాలో అంకె ఉండాలి.

ఇక్కడ మట్టి లెక్క. బయల్దేరిన నీరు 5 కోట్ల ఘనపు మీటర్లయితే, దారి పొడవునా అది కోసి ఎత్తుకున్న రాళ్లూ మట్టీ సుమారు 27 కోట్ల ఘనపు మీటర్లు. నీటికి అయిదు రెట్లకు పైగా. ఒడ్డుల అడుగు కోసుకుపోవడంతో లోయ పొడవునా 45 కొండచరియలు విరిగిపడ్డాయి. అవి మళ్లీ నదిలోనే పడి దాని బరువు పెంచాయి.

మట్టి కలిసిన నీరు రాళ్లను ఎలా మోస్తుందో ఒక ఉదాహరణ చూడండి. ఘనపు మీటరు బండ బరువు సుమారు 2,650 కిలోలు. తేట నీటిలో మునిగితే దాని బరువు 1,650 కిలోలకు తగ్గుతుంది. అదే బండ, ఘనపు మీటరుకు 1,600 కిలోలు తూగే చిక్కటి బురదలో మునిగితే 1,050 కిలోలే. మూడోవంతుకు పైగా తేలిక. పైగా ఆ బురద తోసే తోపు తేట నీటి తోపుకన్నా ఒకటిన్నర రెట్లకు పైనే. అందుకే మామూలు వరదల్లో దశాబ్దాల తరబడి కదలని బండలు ఆ రాత్రి కదిలి వంతెన స్తంభాలకు కొట్టుకున్నాయి. నీటి తోపుకు డిజైన్ చేసిన స్తంభం బండ దెబ్బకు నిలబడదు.

చుంగ్‌థాంగ్ ఆనకట్ట

ఆ రాత్రి కొట్టుకుపోయిన 1,200 మెగావాట్ల తీస్తా–3 ప్రాజెక్టు ఆనకట్ట ఎత్తు 60 మీటర్లు. రాళ్లు పేర్చి, ఎగువ ముఖాన కాంక్రీటు పలక వేసిన రకం. 2017లో ఉత్పత్తి మొదలైంది. జలాశయం 0.18 టీఎంసీలే. స్పిల్‌వే (వరద నీటిని గేట్ల ద్వారా వదిలే దారి) సామర్థ్యం సెకనుకు 7 వేల ఘనపు మీటర్లు, అంటే దాదాపు 2.5 లక్షల క్యూసెక్కులు. భారీ వర్షానికి అది సరిపోతుంది. ఎగువ సరస్సు తెగితే వచ్చేది ఆ లెక్కలో లేదు.

ఇలాంటి కట్టకు నీరు పైనుంచి పొర్లడమే చావు. ఎగువ ముఖాన కాంక్రీటు ఉంది కాబట్టి గట్టిగా కనిపిస్తుంది. దిగువ ముఖంలో ఉన్నవి సిమెంటు పట్టు లేని రాళ్లు. పొర్లిన నీరు అడుగున రాళ్లను ముందు లాగేస్తుంది, పైవి జారతాయి, వెనక ఆసరా పోయిన పలక విరుగుతుంది. అంతే. తన బరువుతోనే నిలబడే కాంక్రీటు గ్రావిటీ డ్యామ్ అయితే కొంతసేపు పొర్లినా నిలబడే అవకాశం ఉంది.

గేట్లు ముందే ఎత్తి ఉంటే ఏమయ్యేదన్న చర్చ చాలా జరిగింది. 0.18 టీఎంసీల ఖాళీ జలాశయం 2 లక్షల క్యూసెక్కుల వరదకు పావుగంటలో నిండుతుంది. కాబట్టి ఖాళీ చేసి వరదను ఆపగలమన్న ఆశ వద్దు. గేట్లు పూర్తిగా ఎత్తి ఉంచడంలో లాభం వేరే: స్పిల్‌వే మొదటి నిమిషం నుంచే పనిచేస్తుంది, కట్ట తెగినా ఆ వరదకు తోడయ్యే నిల్వ ఉండదు. దీనికి కావలసింది రెండు గంటల ముందు సమాచారం, కరెంటు పోయినా గేటు ఎత్తే డీజిల్ జనరేటర్, ఎవరినీ అడక్కుండా గేటు ఎత్తే అధికారం షిఫ్టులో ఉన్న ఇంజనీరుకు రాతపూర్వకంగా ఉండటం. మూడోది కాగితం పని, కానీ అర్ధరాత్రి పూట ఎక్కువ సమయం తినేసేది అదే. జనరేటర్ కూడా నది ఒడ్డున నేలగదిలో కాక, ఆనకట్ట పైమట్టానికి ఎగువన ఉండాలి.

తిరిగి కట్టేందుకు 2025 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ సిఫారసు చేసిన డిజైన్ దాదాపు 118 మీటర్ల కాంక్రీటు గ్రావిటీ డ్యామ్. స్పిల్‌వే సెకనుకు దాదాపు 20 వేల ఘనపు మీటర్లు, అంటే 7 లక్షల క్యూసెక్కులు. స్పిల్‌వే పెంచడం సరైన పనే. కానీ అంత నీటితోపాటు బండలూ చెట్లూ వస్తే గేట్ల మధ్య కంతలు మూసుకుపోతాయి. కాగితం మీది సామర్థ్యం తేట నీటికి వేసిందని మరిచిపోకూడదు.

దిగువన

మంగన్ దగ్గరి సంగ్‌కలాంగ్ వద్ద నీటిమట్టం పాత రికార్డుకు 19 మీటర్లు పైకి పోయింది. మెల్లి దగ్గర అదే 4 మీటర్లు. మధ్యలో లోయ వెడల్పయింది, మోసుకొచ్చిన మట్టి కొంత దించింది, వరద శిఖరం సాగి చదునైంది. ఊరికి ప్రమాదం ఎంతో చెప్పేది సరస్సు నుంచి దూరం ఒక్కటే కాదు, ఊరికి ఎగువన లోయ ఎంత ఇరుకన్నది కూడా. సింగ్తామ్ దగ్గర బర్దాంగ్‌లో నది పక్క చదునులో నిలిపిన 41 సైనిక వాహనాలు బురద కింద పూడిపోయాయి.

ఇక్కడ నెల సంగతి చెప్పాలి. తీస్తా లోయను 1968లో ముంచిన పెద్ద వరద కూడా అక్టోబరు మొదటి వారంలోనే వచ్చింది. తీస్తా బజార్ దగ్గరి ఆండర్సన్ వంతెన అప్పుడు కొట్టుకుపోయింది, జల్పాయిగుడి పట్టణం మునిగింది. వర్షాకాలం అయిపోయిందని కాపలా సడలించే వారం అది. హెచ్చరిక సిబ్బంది డ్యూటీ చార్టు అక్టోబరు చివరి దాకా ఉండాలి.

నది పక్కకు వెళ్లే పర్యాటకులకు ఇంకో మాట. కొండ నది మధ్యలో బండ మీద కూర్చున్నప్పుడు పైన ఎక్కడో గేటు ఎత్తితే తెలియదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది అలాగే పోయారు. ఎగువన లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీరు నిమిషాల్లో చుట్టుముట్టింది. ఆనకట్ట ఉన్న కొండ నదిలో, నీళ్లు ఎంత తక్కువగా కనిపించినా, తడి గీతకు లోపలికి దిగకూడదు.

వరద పోయాక మిగిలిన పని

చాలా నివేదికలు ఇక్కడ ఆగిపోతాయి. తీస్తా విషయంలో అసలు ఇబ్బంది ఇక్కడే మొదలైంది. 27 కోట్ల ఘనపు మీటర్లలో పెద్ద భాగం నది అడుగునే మేట వేసింది. 2024 వర్షాకాలంలో తీస్తా బజార్‌లో ఇళ్లలోకి, 10వ నంబరు జాతీయ రహదారి మీదికి నీళ్లొచ్చాయి. సరస్సేమీ తెగలేదు. ఏటా పడే వానే.

వెడల్పాటి నదిలో ప్రవాహం నీటి లోతు మీద అయిదు బై మూడు ఘాతంలో ఆధారపడుతుంది. ఒడ్డు నుంచి అడుగుకు 12 మీటర్లున్న చోట 4 మీటర్లు మేట పడిందనుకుందాం. లోతు మూడోవంతే తగ్గింది, కానీ ఒడ్డు దాటకుండా పట్టే ప్రవాహం సగానికి పడిపోతుంది. వెనకటికి 6 వేల ఘనపు మీటర్లను మోసిన నది ఇప్పుడు 3 వేలకే ఊళ్లోకి వస్తుంది.

పూడిక తీసేస్తే సరిపోతుందా? ఒక్క రంగ్‌పో–సెవోక్ మధ్యనే తీసిన దాన్ని పోయడానికి చోటు లేదు. ఎగువన వదులుగా ఉన్న మట్టి ప్రతి వానకూ దిగుతూనే ఉంటుంది. కాబట్టి పూడిక తీయడం వంతెనల కింద, ఊళ్ల ముందు, ఉపనదులు కలిసే మూతుల దగ్గర మాత్రం చేయదగ్గ పని. ఉపనది మూతి దగ్గర ముఖ్యం, ఎందుకంటే ప్రధాన నది అడుగు లేస్తే ఉపనది నీరు వెనక్కి ఎగదన్ని, నదికి దూరంగా ఉన్నామనుకున్న ఇళ్లను ముంచుతుంది. కొత్త వంతెనలకు నది మధ్యలో స్తంభం లేకుండా ఒకే దూలంతో దాటడం మంచిది. డెక్ (వంతెన మీది రోడ్డు) ఎత్తును 2023 వరద మట్టానికి కాక, ఇప్పుడున్న అడుగు మీద మరో 2, 3 మీటర్లు మేట పడుతుందనుకుని లెక్కగట్టాలి.

అన్నిటికన్నా ముందు కొలత. ఊరికి ఎగువన ఒకటి, ఎదురుగా ఒకటి, దిగువన ఒకటి చొప్పున అడ్డకోతలు (ఒడ్డు నుంచి ఒడ్డుకు నది అడుగు ఎత్తుల కొలతలు) ఏటా మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి తీయాలి. ఎప్పుడూ అదే గీత మీద, రెండు ఒడ్డుల్లో కాంక్రీటు దిమ్మెలు పాతి. నీరు ఉన్న చోట ధ్వనితో లోతు కొలిచే ఎకో సౌండర్, పొడి మేట మీద డ్రోన్. మూడు ఊళ్లకు ఇద్దరు సర్వేయర్లు వారంలో ముగించే పని.

నీటిమట్టం కొలిచే గేజీ దగ్గర చేసే తప్పు ఒకటుంది. అడుగు లేచాక కూడా, ఏ మట్టానికి ఎంత ప్రవాహమో చెప్పే పాత రేటింగ్ పట్టికతోనే నీటిమట్టం నుంచి ప్రవాహం లెక్కగడతారు. మట్టం ఎత్తుగా చూపిస్తుంది కాబట్టి ప్రవాహం ఉన్నదానికన్నా ఎక్కువొస్తుంది. నాలుగైదుసార్లు హెచ్చరిక వట్టిదయ్యాక, పైన కూర్చున్నవాళ్లు ఆ అంకెను నమ్మడం మానేస్తారు. ప్రవాహాన్ని కరెంట్ మీటరుతోనో రాడార్‌తోనో మళ్లీ కొలిచి కొత్త పట్టిక తయారయ్యేదాకా, తీస్తా బజార్ లాంటి చోట ఊరు ఖాళీ చేయించే నిర్ణయానికి ప్రవాహం అంకె వాడకూడదు. ఒడ్డు మీద ఎర్ర రంగుతో గీసిన గీతకు నీరు తగిలిందా లేదా అన్నదే చూడాలి. మేట పెరిగినకొద్దీ ఆ గీతకు నీరు ముందే తగులుతుంది, కానీ గీత తాకాక ఒడ్డు దాటడానికి పట్టే సమయం, అంటే తప్పించుకునే వ్యవధి, తగ్గుతుంది. అందుకే నవంబరు కొలత రాగానే గీతను ఎంత కిందికి దించాలో తేల్చి, మే లోపల కొత్తగా గీయాలి.